పళ్లు లెక్కపెట్టనిదే క్రౌన్ పినియన్ కొనొద్దు

"బండి మోడలేందో చెప్పన్నా, సామాను నేనిస్త." సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ పాత లారీ ఓనరు స్పేర్ పార్ట్స్ దుకాణానికి పోతే మొదట వినపడే మాట ఇది. మెకానిక్ నోటా ఇదే మాట, ఓనరు మనసులోనూ ఇదే నమ్మకం. ఫ్యాన్ బెల్టుకో, క్లచ్ ప్లేటుకో ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన లారీ డిఫరెన్షియల్ దగ్గరికి వచ్చేసరికి పనికిరాదు. మోడల్ పేరు చెప్పి డిఫరెన్షియల్‌లోని గేర్ల జత, అంటే క్రౌన్ పినియన్, కొనే అలవాటు ఒకటి రెండు బండ్లతో బతికే చిన్న ఓనర్లను నిలువునా ముంచుతోంది. దాన్ని మానుకోవలసిందేనని గట్టిగా అంటున్నాను.

ముందు ఆ పేరులో ఏముందో చూద్దాం. టాటా 1210 అంటే సుమారు 12 టన్నుల మొత్తం బరువు, 100 హార్స్‌పవర్ తరగతి ఇంజను. 1613 అంటే 16 టన్నులు, 130 హార్స్‌పవర్. 407 అంటే 4 టన్నులు, 70 హార్స్‌పవర్. పేరు పెట్టినవాళ్లు బరువు చెప్పారు, ఇంజను బలం చెప్పారు. డిఫరెన్షియల్ ఉండే వెనక హౌసింగ్‌లో క్రౌన్‌కు ఎన్ని పళ్లో, పినియన్‌కు ఎన్ని పళ్లో ఆ అంకెల్లో లేదు. ఉండే వీలూ లేదు. ఎందుకంటే ఒకే తరగతి బండిని హైవే మీద సరుకు మోసేవాడికి ఒక రేషియోతో, క్వారీలో ఎత్తులెక్కించేవాడికి ఇంకో రేషియోతో కంపెనీలే అమ్మాయి. టాటా బండ్లలో 41 పళ్ల క్రౌన్‌కు 7 పళ్ల పినియన్ ఉన్న జత ఉంది. అదే 41 పళ్ల క్రౌన్‌కు 6 పళ్ల పినియన్ ఉన్న జతా ఉంది. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. మొదటిది 5.86, రెండోది 6.83. క్రౌన్‌ను మాత్రమే చూసి చెప్పమంటే చెయ్యి తిరిగిన మేస్త్రి కూడా తడబడతాడు.

ఆ ఒక్క పన్ను తేడా రోడ్డు మీద ఎంత పని చేస్తుందో లెక్క కట్టవచ్చు. టాప్ గేరు డైరెక్ట్ అనుకుందాం. ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతోంది. 20 అంగుళాల రిమ్ము మీది పెద్ద టైరు ఒక్క చుట్టుకు దాదాపు 3.2 మీటర్లు పోతుంది. 5.86 రేషియోతో ఆ బండి గంటకు 78 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తుతుంది. 6.83 పడితే అదే ఇంజను, అదే చుట్లు, వేగం 67 దగ్గర ఆగిపోతుంది. డ్రైవరు ఊరుకోడు, యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు. ఇంజను అరుస్తుంది, డీజిల్ కారిపోతుంది. పైగా స్పీడోమీటరు కేబుల్ గేర్‌బాక్స్ దగ్గరి నుంచి వస్తుంది కనుక మీటరుకు ఈ మార్పు తెలియదు. 100 కిలోమీటర్లు నడిచినట్టు మీటరు చూపితే బండి నిజంగా నడిచింది 86. డీజిల్ లెక్క తప్పుతుంది, ఆయిల్ మార్చే గడువు తప్పుతుంది, కిలోమీటరు లెక్కన కిరాయి మాట్లాడుకుంటే ఆ తగవూ మొదలవుతుంది.

తిరగేసి చూడండి. రాయి మోసే బండికి 6.83 ఉండాల్సిన చోట 5.86 పడితే చక్రం దగ్గరి లాగుడు బలం సరిగ్గా ఏడింట ఒక వంతు తగ్గుతుంది. లోడుతో ఎత్తు ఎక్కలేక డ్రైవరు హాఫ్ క్లచ్ మీద నెట్టుకొస్తాడు. క్లచ్ ప్లేటు కాలిపోతుంది. కొత్త ప్లేటు వేస్తారు, అదీ కాలుతుంది. ఈసారి ప్లేటు తయారుచేసిన కంపెనీని తిడతారు, ఆపైన డ్రైవరును మారుస్తారు. వెనకాల హౌసింగ్‌లో తిరుగుతున్న తప్పుడు జత వైపు ఎవరి చూపూ పోదు.

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఏ రేషియోనో కంపెనీవాళ్లకు తెలుసు కదా, ఛాసిస్ నెంబరు చెప్తే బయటపడుతుంది" అనేవాళ్లు కొంచెం మేలైన వాదన చేస్తున్నారు. కొత్త బండికి, చేతులు మారని బండికి అది నిలబడుతుంది. మన దగ్గర తిరిగే పాత లారీల జీవితం వేరు. వేములపల్లి మీదుగా పోయే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కన ఒక్క పూట నిలబడి చూడండి. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తెచ్చేవి, అక్కడి నుంచి బియ్యం, తవుడు, ఊక తీసుకుపోయేవి, వాడపల్లి వైపు నుంచి సిమెంటు, పిడుగురాళ్ల నుంచి సున్నం మోసుకొచ్చేవి. వీటిలో పాతవాటికి ఇద్దరు ముగ్గురు ఓనర్లు మారి ఉంటారు. మొదటి ఓనరు దూరప్రయాణాలకు తిప్పుతాడు. రెండోవాడు కంకర తోలతాడు. మూడోవాడి చేతికొచ్చేసరికి అది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వడ్ల బండి. ఈ మధ్యలో ఎక్కడో ఒక హౌసింగ్ పగిలితే, విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచో హైదరాబాద్ ఆటోనగర్ నుంచో విప్పిన బండి హౌసింగ్ మొత్తంగా తెచ్చి బిగిస్తారు. అందులో తప్పేమీ లేదు. ఆ పాత సామాను వ్యాపారమే లేకపోతే సగం పాత బండ్లు ఎప్పుడో మూలపడేవి. కానీ అలా బిగించిన మరుక్షణం నుంచి ఛాసిస్ నెంబరు ఆ హౌసింగ్ గురించి ఏమీ చెప్పలేదు. కంపెనీ రికార్డులో ఉన్నది ఫ్యాక్టరీ గేటు దాటిన బండి. మన ముందు ఉన్నది ఇరవై ఏళ్ల తర్వాతి బండి.

ఆర్సీ కూడా ఆదుకోదు. అందులో ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఉంటాయి. టైరు సైజు, ఒక్కో యాక్సిల్ మోయదగిన బరువు కూడా ఉంటాయి. డిఫరెన్షియల్‌కు మాత్రం అందులో గడి లేదు.

అసలు మోడల్ పేరును నమ్మి యాక్సిల్ సామాను ఇవ్వడం లారీలు కనిపెట్టిన దేశాల్లోనూ లేదు. టాటాల టెల్కో 1954లో జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది జర్మనీ డైమ్లర్-బెంజ్ సహకారంతో. ఆ జర్మనీ కంపెనీ మెర్సిడెస్-బెంజ్ బండ్లకు డేటా కార్డ్ ఉంటుంది. బండి నెంబరు వేరు, ఇంజను నెంబరు వేరు, యాక్సిల్ నెంబరు వేరుగా అందులో రాసి ఉంటాయి. అమెరికాలో ఇంటర్నేషనల్ అనే బ్రాండు లారీలకు లైన్ సెట్టింగ్ టికెట్ అనే కాగితం ఉండేది. ఆ ఒక్క బండికి ఏ యాక్సిల్, ఏ రేషియో బిగించారో కోడ్‌తో సహా అందులో ఉంటుంది. ఒకే పేరుతో పది రకాల బండ్లు బయటికి పోతాయని తయారుచేసినవాళ్లకు తెలుసు కాబట్టే ఆ కాగితాలు పుట్టాయి. యాక్సిల్ తయారీ ఒక ప్రత్యేక పరిశ్రమ కూడా. 1981లో మొదలైన మైసూరు ఆటోమోటివ్ యాక్సిల్స్ వంటి సంస్థలు లారీ కంపెనీలకు యాక్సిళ్లు చేసి ఇస్తాయి. లారీ ముక్కు మీద ఒక పేరు, వెనక హౌసింగ్ మీద ఇంకో పేరు ఉండటంలో వింత లేదు. ముక్కు మీది పేరు చెప్పి వెనక సామాను అడిగితే ఏమొస్తుంది?

తయారుచేసిన కంపెనీయే మిగలని బండ్ల సంగతి మరీ కష్టం. 1980లలో మన జహీరాబాద్‌లో జపాన్ సాంకేతికతతో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యాయి. ఆ సంస్థ తర్వాత మహీంద్రాలో కలిసిపోయింది. అలాంటి బండిని ఇష్టంగా కాపాడుకుంటున్నవాడు కౌంటరు దగ్గర మోడల్ పేరు చెబితే దుకాణదారు ముఖం చూడటం తప్ప ఏం చేస్తాడు? అతనికి దారి చూపేది కొలతే. బేరింగ్ నెంబరు, షాఫ్ట్ కొసన ఉండే గాళ్ల (స్ప్లైన్ల) సంఖ్య, షాఫ్ట్ మందం, పొడవు పట్టుకుని వెతికితే పనికొచ్చే సామాను దొరికే అవకాశం ఉంటుంది.

ఇక మెకానిక్‌ల వాదన. "మోడల్ ఎందుకన్నా, విరిగిన పీసే పట్టుకపోయి చూపిస్త, అదే తెస్త." మోడల్ పేరు కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, ఒప్పుకుంటాను. కానీ విరిగిన పీసు ఎందుకు విరిగింది? అంతకుముందు ఎవరో తప్పు పీసు వేసినందువల్ల విరిగి ఉంటే, అదే తప్పుకు ఇంకో నకలు తెచ్చుకుంటున్నాం. పీసుతో పాటు అది కూర్చునే చోటునూ కొలవాలి. యాక్సిల్ షాఫ్ట్ విరిగితే షాఫ్ట్ స్ప్లైన్లతో పాటు అది దూరే సన్ గేరు స్ప్లైన్లనూ లెక్కపెట్టాలి. బేరింగ్ పోతే బేరింగ్ మీది నెంబరుతో పాటు హౌసింగ్ గాడి లోతునూ చూడాలి. ఉదాహరణకు 30310, 32310 అనే రెండు టేపర్ బేరింగులు తీసుకోండి. రెండిటి లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లే, బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లే. చేతిలో పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. వెడల్పు మాత్రం ఒకటి 29.25, ఇంకొకటి 42.25. ఒకదాని చోట ఇంకొకటి వేసి, మిగిలిన సందును లేత్ మీద తిప్పిన వాషర్‌తో నింపితే పినియన్ ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడదు.

పళ్ల సంఖ్య కలిసినంత మాత్రాన కూడా పని అయిపోలేదు. క్రౌన్ పళ్లు కోసే పద్ధతులే వేరు వేరు. గ్లీసన్ పద్ధతిలో కోసిన పన్ను ఒక కొస నుంచి ఇంకో కొసకు లోతు తగ్గుతూ పోతుంది. ఓర్లికాన్ పద్ధతిలో లోతు పొడుగునా ఒకటే. వేలితో తడిమినా ఈ తేడా తెలుస్తుంది. పినియన్ నడుమ గీత క్రౌన్ నడుమ గీతకు సూటిగా ఉంటే స్పైరల్ బెవెల్, పక్కకు జరిగి ఉంటే హైపాయిడ్. ఈ రెండూ ఒకదానికొకటి కలవవు. హైపాయిడ్‌లో పన్ను పన్ను మీద జారుతూ తిరుగుతుంది కాబట్టి దానికి డబ్బా మీద జీఎల్-5 అని రాసి ఉన్న ఆయిలే పోయాలి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే పళ్ల మధ్య ఆయిల్ పొర తెగి పళ్లు ఒరుసుకుపోతాయి. సామాను మంచిదే తెచ్చి ఆయిల్ దగ్గర రూపాయి చూసుకునే ఓనర్లకు ఈ మాట మరీ మరీ చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇంకొకటుంది. "క్రౌన్ బాగానే ఉంది, పినియన్ ఒక్కటి మార్చు చాలు." సగం ఖర్చుతో పోతుందంటే ఎవరికి ఇష్టం ఉండదు? కానీ క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా పుడతాయి. రెంటినీ కలిపి, మెత్తటి రాపిడి పొడి కలిపిన నూనెతో ఒకదాని మీద ఒకటి తిప్పి నూరి, ఆ తర్వాత రెండిటి మీదా ఒకే నెంబరు చెక్కుతారు. ఇసుర్రాయి పైరాయికి కొత్తది తెచ్చి పాత కిందిరాయి మీద పెడితే పిండి ఎలా పడుతుందో మన ఇళ్లల్లో పెద్దవాళ్లను అడగండి. పినియన్ ముఖం మీద ఆ జత నెంబరుతో పాటు ప్లస్సో మైనస్సో గుర్తుతో ఇంకో చిన్న అంకె కూడా ఉంటుంది. పినియన్ ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చోవాలో చెప్పే అంకె అది. దాన్ని బట్టి పినియన్ వెనక వేసే పలుచటి రేకుల, అంటే సిమ్ముల, మందం పెంచాలా తగ్గించాలా తేల్చుకోవాలి. "పాత సిమ్ములే వెయ్యి" అన్నారంటే ఆ అంకెను చదవలేదన్నమాటే. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ఉండాల్సిన ఆట సాధారణంగా మిల్లీమీటరులో పదింట రెండు మూడు వంతులు. కంటి చూపుతో, వేలి అదురుతో అంత సన్నటి కొలత పట్టగలనని ఎంత పెద్ద మేస్త్రి చెప్పినా నమ్మవద్దు. డయల్ గేజ్ పెట్టాలి, పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను నడుమ పడుతోందో లేదో చూడాలి. అచ్చు కొసకు పోతే, కొత్త జత అయినా ఆ కొస దగ్గరే విరుగుతుంది.

విరిగినప్పుడు ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు. ఊడిన పన్ను క్రౌన్, పినియన్ మధ్య ఇరుక్కుంటే వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి. యాక్సిల్ షాఫ్ట్ తెగితే ఇంజనుకూ చక్రానికీ సంబంధం పోయి, వాలులో ఇంజను బ్రేకింగ్ అందదు. నడిరోడ్డు మీద రాత్రి పూట ఆగిపోయిన లారీ వెనక నుంచి వచ్చే మోటార్‌సైకిల్‌వాడికి ఎంత ప్రమాదమో జాతీయ రహదారి 65 పక్కన ఊళ్లలో ఉండేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

"ఇదంతా నిజమే, టైమేది?" అంటారు. ఇది తోసిపారేయగల మాట కాదు. యాసంగి కోతలప్పుడు ఆకాశం మబ్బు పడుతుంటే, కల్లంలో వడ్లుంటే, మిల్లు ముందు వరుసలో బండి ఆగితే ఆ ఓనరు గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. అయితే కొలతకు పట్టే సమయాన్ని, తప్పు సామాను తెచ్చి తిరిగిపోయే సమయాన్ని పక్కపక్కన పెట్టండి. మన పెద్ద లారీల వెనక యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్ రకం. బండి బరువును హౌసింగ్ మోస్తుంది, షాఫ్ట్ తిప్పే పని మాత్రమే చేస్తుంది. అందుకే చక్రం విప్పనక్కర్లేదు, హబ్బు మీది బోల్టులు తీసి షాఫ్ట్‌ను బయటికి లాగవచ్చు. చాయ్ తాగి వచ్చేలోపు స్ప్లైన్లు లెక్కపెట్టి వెర్నియర్‌తో మందం తీసుకోవచ్చు.

రేషియో తెలుసుకోవడానికి హౌసింగ్ విప్పాల్సిన పని కూడా లేదు, లోపల ఏదీ విరగకపోతే. మిగతా చక్రాలకు అడ్డు రాళ్లు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక పక్క చక్రాన్నే జాకీతో లేపండి. నేల మీది చక్రం కదలదు కాబట్టి లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్క గుర్తుతో లెక్కపెట్టండి. 58న్నర వస్తే 5.86. 68 దాటితే 6.83. ఈ రెండింతల సంగతి మరిచిపోయి సగం రేషియో రాసుకునేవాళ్లున్నారు, జాగ్రత్త. దీనితో రేషియో తేలుతుంది గానీ పళ్లు తేలవు. 35కు 6 అయినా 5.83 వస్తుంది, ఇంత దగ్గరి తేడా చేతిలెక్కకు అందదు. కాబట్టి కొనేముందు క్రౌన్ పినియన్‌ను పట్టి ఉంచే క్యారియర్ విప్పి పళ్లు లెక్కపెట్టాల్సిందే. పన్ను విరిగినా మొదలు మిగిలే ఉంటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. క్రౌన్ బయటి వ్యాసం, బోల్టు రంధ్రాల సంఖ్య, పినియన్ స్ప్లైన్లు, బేరింగ్ కూర్చునే చోటి మందం రాసుకోవాలి. కిరోసిన్‌తో జిడ్డు కడిగితే హౌసింగ్ మీద పోతపోసిన నెంబరు కనిపిస్తుంది, అదీ రాసుకోండి. కానీ దాన్నే పార్ట్ నెంబరు అనుకోవద్దు. ఒకే పోతను వేరు వేరు కొలతలకు తిప్పి వేరు వేరు బండ్లకు వాడవచ్చు.

డబుల్ హౌసింగ్ టిప్పర్ల వాళ్లకు ఇంకో మాట. రెండు హౌసింగులూ లాగే బండిలో రెండు రేషియోలూ ఒకటే ఉండాలి. ముందు దాంట్లో ఒకటి, వెనక దాంట్లో ఒకటి పడితే రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడి టైర్లను, షాఫ్టులను తినేస్తాయి.

పాత బండికి ఇన్ని కొలతలెందుకు, తుక్కుకు వేస్తే పోలేదా అనే సలహా కూడా వింటున్నాం. 2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానం, 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్లకు పెరిగిన ఫిట్‌నెస్ ఫీజులు ఆ మాటకు బలమిచ్చాయి. పొగ కక్కే, బ్రేకులు పట్టని బండిని తుక్కుకు పంపాల్సిందే. కానీ ఫిట్‌నెస్ నెగ్గి, ఊరి కల్లం నుంచి మిల్లు దాకా తిరిగే బండిని ఒక జత గేర్ల కోసం పారేసి, కొత్త లారీ కిస్తులు నెత్తినేసుకోమని చెప్పేవాడు ఆ కిస్తులు తాను కట్టడు.

ఆఖరిగా దుకాణాల సంగతి. ఇప్పుడు బిల్లు మీద రాస్తున్నది "1613 క్రౌన్ పినియన్ – 1" అనే ముక్కే. సామాను తప్పని తేలితే ఓనరు "నువ్వు తప్పిచ్చినవ్" అంటాడు, దుకాణదారు "నువ్వడిగిందే ఇచ్చిన" అంటాడు. ఇద్దరి మాటా ఆ బిల్లుతో తేలదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొన్నవాడిని ఆ చట్టం వినియోగదారుగానే చూస్తుంది. సొంత బండి తానే నడుపుకునే డ్రైవరు–ఓనరు ఆ లెక్కలోకి వస్తాడని వాదించుకునే వీలుంది. కానీ అడిగిందేమిటో, ఇచ్చిందేమిటో కాగితం మీద లేనప్పుడు లోపం ఎవరిదని రుజువు చేస్తాడు? అందుకే బిల్లు మీద క్రౌన్ పళ్లు ఎన్ని, పినియన్ పళ్లు ఎన్ని, రెండిటి మీదా చెక్కిన జత నెంబరు ఎంత, తయారీ కంపెనీ ఏది అన్నవి నాలుగూ రాయించుకోవాలి. డబ్బు ఇచ్చే ముందే, కౌంటరు మీదే పెట్టె విప్పించి జత నెంబర్లు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. రాయనన్న దుకాణంలో ధర ఎంత తక్కువైనా కొనకండి. ఆ నాలుగు వివరాలే తెల్ల పెయింటుతో హౌసింగ్ మీద కూడా రాయించండి, బండి అమ్మేటప్పుడు కొన్నవాడికి ఆ బిల్లు నకలు ఆర్సీతో పాటే ఇచ్చేయండి.